వేంకటం నుంచి వెంకట్ దాకా

హోసూరులో ఉన్నా, బెంగళూరు, షోలాపూరు, బరంపురం, యానాంలలో ఉన్నా మీ ఇంట్లో ఈ పేరు ఒక్కరికైనా ఉండే ఉంటుంది. అందుకని కొంచెం పెద్దదైనా ఈ వ్యాసాన్ని చివరిదాకా చదవమని మనవి.

పోయిన నెల మా మనవడికి పేరు పెట్టాము. మావైపు పెద్ద మనవడికి తాత పేరో ముత్తాత పేరో పెట్టడం ఆనవాయితీ. మా నాన్నగారి పేరులో వెంకట ఉంది కాబట్టి పిల్లవాడికి వెంకట్ అని నిశ్చయమైంది. అంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. చిక్కంతా ఇంగ్లీషు అక్షరాల దగ్గర వచ్చింది. మా అబ్బాయి సంఖ్యాశాస్త్రం చూసే ఒకరిని అడిగి వచ్చి, ఎన్ అక్షరం రెండుసార్లు రాయాలి, చివర టి పక్కన ఒక హెచ్ పెట్టాలి అన్నాడు. "మా నాయన పేరును ఇట్లా చెడగొట్టేది ఏమిరా?" అని నేను కసురుకున్నాను.

కోడలు మధ్యలో అందుకుంది. "స్పెల్లింగ్ సంగతి తర్వాత చూద్దాం మామా. అసలు ఈ పేరుకు అర్థమేమి? ఫోనులో చూస్తే ఒక్కోచోట ఒక్కోటి రాసుంది."

"స్వామి పేరమ్మా" అన్నాను.

"అది తెలుసు మామా, అర్థం?" అంది.

నా దగ్గర జవాబు లేదు. అరవై దాటినవాడిని, కన్నతండ్రి పేరుకు అర్థం చెప్పలేకపోయాను. ఆ రాత్రి పాత పెట్టె తీసి నాన్నగారి కాగితాలు ముందేసుకున్నాను. తెలుగులో రాసిన పాత భూమి పత్రంలో వేంకట అని దీర్ఘంతో ఉంది. తమిళ పట్టాలో చదివితే వెంగడ అని పలుకుతుంది. కన్నడం మాట్లాడే బంధువులు అచ్చువేసిన పెళ్లి పత్రికలో వెంకట. ఇంగ్లీషు కాగితాలు రెండుంటే ఒకదానిలో కె, ఒకదానిలో జి. ఒకే మనిషి, ఒకే ఊరు, ఇన్ని రాతలు. మా అబ్బాయి చెడగొడుతున్నాడని నేను అరిచిన పేరును మా నాయన బతికినన్నాళ్లూ ఎవరో ఒకరు మారుస్తూనే వచ్చారు. అప్పుడే ఈ పేరు ఎక్కడ పుట్టింది, ఎట్లా నడిచి మన దాకా వచ్చింది అని చూడాలనిపించింది. చూసినంతవరకు మీ ముందు పెడుతున్నాను.

కొండ పేరు

తిరుమల ఏడు కొండలు శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి. స్వామి గుడి ఉన్నది వేంకటాద్రి మీద. వేంకట, ఈశ అనే రెండు మాటలు గుణసంధితో కలిసి వేంకటేశ అయింది. అంటే వేంకటం అనే కొండకు ప్రభువు. వేంకటనాథ, వేంకటపతి, వేంకటాచలపతి, వేంకటరమణ అన్నీ ఇదే పద్ధతిలో పుట్టినవి. కాబట్టి ఒట్టి వెంకట్ అని పేరు పెడితే మాట ప్రకారం అది దేవుడి పేరు కాదు, కొండ పేరు. మనవాళ్లు కొండకూ స్వామికీ తేడా చూడరు. శేషాద్రి, శేషాచలం, తిరుమల, గిరి అని పిల్లలకు పేర్లు పెట్టుకున్నదీ అందుకే.

మరి వేంకటం అంటే ఏమిటి? దీనికి రెండు దారుల్లో జవాబు దొరుకుతుంది.

మొదటిది పురాణాల దారి. వేంకటాచల మాహాత్మ్యం చెప్పే గ్రంథాల్లో వేం అంటే పాపాలు, కట అంటే కాల్చడం అని అర్థం చెప్పారు. చేసిన పాపాలన్నీ ఆ కొండ ఎక్కగానే కాలిపోతాయి కాబట్టి వేంకటం. అక్కడే ఇంకో అర్థమూ ఉంది: వేం అంటే అమృతబీజం, కట అంటే ఐశ్వర్యం. కోడలు ఫోనులో చూసిన రెండు అర్థాలూ ఇవే.

రెండోది భాషాశాస్త్రం దారి. ఈ మాట సంస్కృతంలో పుట్టినది కాదు, దక్షిణాది మాటే అని చాలామంది పండితుల అభిప్రాయం. తమిళంలో వెమ్మై అంటే వేడి. కడం అంటే ఎండిన అడవి, ఆ అడవిలో సాగే కష్టమైన దారి. ఎండ మండే అడవిదారి ఉన్న కొండ కాబట్టి వేంగడం. మన వేడి, వేసవి, వెచ్చన, వేగడం అన్న మాటలన్నీ ఆ వెమ్మైకి చుట్టాలే. చిత్రం ఏమిటంటే రెండు దారులూ మంట దగ్గరే కలుస్తున్నాయి. పురాణం పాపాలు కాలుతాయంది, పాత తమిళం కాళ్లు కాలుతాయంది.

పొలిమేర రాయి

ఇక్కడి నుంచి కథ మనకు మరీ దగ్గరది. తమిళంలో అతి పాత వ్యాకరణం తొల్కాప్పియం. దాని పీఠికలో తమిళ నేల హద్దులు చెప్పారు: ఉత్తరాన వేంకటం, దక్షిణాన కుమరి. సంఘకాలపు అకనానూరు పాటల్లో వేంకటం ఎన్నోసార్లు వస్తుంది. పుల్లి అనే నాయకుడు ఏలిన కొండ అది. సంపాదన కోసం ఇల్లు వదిలిన మగవాళ్లు ఎండలో ఆ కొండదారి దాటి పోతారు. వేంకటానికి అవతల భాష మారే దేశం ఉందని ఆ పాటలు చెబుతాయి. ఆ అవతలి నేల తర్వాత తెలుగునాడుగా స్థిరపడింది.

అంటే వేంకటం అన్న మాట లిఖితంగా దొరికే తొలినాళ్లలోనే అది ఒక సరిహద్దు. భాష ఎక్కడ మారుతుందో చెప్పే పొలిమేర రాయి. ఆ రాయిని ఎప్పుడో దాటి ఇటు వచ్చి, మాట మార్చుకోకుండా ఉండిపోయినవాళ్లం మనం. దక్షిణాన స్థిరపడ్డ తెలుగువాళ్ల ఇళ్లలో ఆ కొండ పేరే ఎక్కువగా వినబడటం చూస్తే నాకు ఆశ్చర్యమూ కలిగింది, కొంచెం గుండె బరువూ కలిగింది.

ఆ సరిహద్దు గొడవ మన పెద్దల కాలంలో మళ్లీ లేచింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వేళ మ.పొ.శివజ్ఞానం నాయకత్వంలో తమిళులు వేంకటం తమకే కావాలని పోరాడారు. వాళ్ల వాదానికి బలం ఆ తొల్కాప్పియం పీఠికే. తిరుపతి ఆంధ్రలోనే నిలిచింది. పటాస్కర్ తీర్పు ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. గీతకు అటు కొందరు, ఇటు కొందరు మిగిలారు. ఇటు మిగిలినవాళ్ల పిల్లలే ఇప్పుడు ఈ సంఘాలు నడుపుతున్నారు.

మనుషులకు ఎప్పుడు అంటుకుంది

కొండ పేరు మనుషుల పేరుగా మారడానికి భక్తి కారణం. ఆళ్వార్లు తమిళంలో ఈ కొండను పాడారు. కాంచీపురం దగ్గర తూప్పుల్‌లో 1268లో పుట్టిన వేదాంత దేశికుల అసలు పేరు వేంకటనాథుడు. అంటే ఏడు వందల ఏళ్లకు ముందే తమిళ నేల మీద ఒక పిల్లవాడికి ఈ పేరు పెట్టారు.

తెలుగులో ఈ పేరును ఊరూరికీ మోసింది తాళ్లపాకవారు. కడప సీమలోని తాళ్లపాకలో పుట్టిన అన్నమాచార్యులు 1408 నుంచి 1503 దాకా జీవించారని లెక్క. ఆయన ముప్పైరెండు వేల సంకీర్తనలు రాశారని ప్రతీతి. రాగిరేకుల మీద చెక్కించినందువల్ల వేల సంఖ్యలో మనకు మిగిలాయి. ఆయన పాటల్లో స్వామికి తిరువేంగళనాథుడు అనే పేరూ కనబడుతుంది. తమిళ వేంగడంలోని డ మన నోట ళ అయింది. ఆయన మనవడు చిన్నన్న అసలు పేరు తాళ్లపాక తిరువేంగళనాథుడే. వెంగళప్ప, వెంగళరాయ, వెంగమ్మ అన్న పేర్లన్నీ ఈ కొమ్మవే. వేంకటాచల మాహాత్మ్యం తెలుగులో రాసిన తరిగొండ వెంగమాంబ పేరూ అదే కొండ పేరు.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోవాలి. వెంగళప్ప అంటే ఈ రోజు తెలుగులో తెలివితక్కువవాడు అని అర్థం. తాళ్లపాకవారి ఇంటి పిల్లవాడు గర్వంగా మోసిన పేరు ఎట్లా ఎగతాళి అయిందో చూడండి. పాతకాలపు పేరు, పల్లెటూరి పేరు అని ఒక తరం నవ్వితే తర్వాతి తరం ఆ పేరు పెట్టడం మానేస్తుంది. ఇంకో తరానికి అర్థం కూడా మరిచిపోతుంది. వెంకటకు కూడా ఆ గతి పట్టకూడదనే నా తాపత్రయం.

రాజుల సంతకం

పేరు ఇంతగా పాకడానికి భక్తితోపాటు రాజ్యం కూడా కారణం. కృష్ణదేవరాయలు 1513 ఫిబ్రవరిలో మొదటిసారి తిరుమల వచ్చి, మొత్తం ఏడుసార్లు దర్శనం చేసుకున్నాడు. తిరుమలదేవి, చిన్నాదేవులతో ఆయన నిలబడి ఉన్న విగ్రహాలు ఇప్పటికీ కొండ మీద గుడిలో ఉన్నాయి. విజయనగర రాజుల దానశాసనాల చివర సంతకంగా చాలాకాలం శ్రీ విరూపాక్ష అని ఉండేది. అది హంపి దేవుడి పేరు. 1565 యుద్ధంతో హంపి పోయింది. ఆ యుద్ధంలో అళియ రామరాయల తమ్ముడు వేంకటాద్రి కూడా పోరాడాడు. తర్వాత ఆరవీటి రాజులు పెనుకొండ నుంచి చంద్రగిరికి, చివరకు వేలూరికి జరుగుతూ వచ్చారు. శాసనాల చివర శ్రీ వేంకటేశ అన్న సంతకం వచ్చింది. 1586 నుంచి 1614 దాకా ఏలిన రాజు పేరే వేంకటపతి రాయలు. ఆయన బంగారు నాణేల మీద స్వామి బొమ్మ, వేంకటేశ్వరుడికి నమస్కారం ఉంటాయి. రాజు పేరు, దేవుడి పేరు, డబ్బు మీద పేరు ఒకటే అయ్యాక ప్రజల ఇళ్లలోకి రాకుండా ఎట్లా ఉంటుంది?

మదుర, తంజావూరు, సెంజి నాయక రాజ్యాల కాలంలో తెలుగువాళ్లు దక్షిణానికి కుదురుకున్నారు. వాళ్లతోపాటే ఈ పేరు వచ్చింది. 1639లో ఈస్టిండియా కంపెనీకి మద్రాసులో కోట కట్టుకునే స్థలం ఇచ్చింది దామర్ల వేంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీద చెన్నపట్నం వచ్చింది. ఈ రోజు మహానగరమైన చెన్నై పుట్టుక కాగితం మీద ఉన్నదీ ఒక వెంకట సంతకమే.

ఐదు చోట్ల ఐదు గొంతులు

ఇప్పుడు మన మన ఊళ్లకు వద్దాం.

తమిళ లిపిలో క, గలకు ఒకే అక్షరం. ట, డలకూ ఒకే అక్షరం. పక్కన ఏముందో చూసి పలకాలి. అందుకే వేంకట అని మనం చెప్పినా వాళ్లు వెంగడ అని చదువుతారు. తప్పు రాశారని మనం కోపం తెచ్చుకుంటాం. నిజానికి సంఘకాలపు పలుకుబడి అదే, మనదే తర్వాతిది. చివర అన్ చేర్చి వెంకటేశన్ అంటారు. వేంకటరమణ అన్న మాట వెంకటరామన్ అయింది. తిరువణ్ణామలై రమణ మహర్షి చిన్నప్పటి పేరు వెంకటరామన్. సైన్సులో నోబెల్ తెచ్చిన సి.వి.రామన్ పేరులో సి అంటే చంద్రశేఖర, వి అంటే వెంకట. ఇంగ్లీషువాళ్ల పద్ధతికి పేరు రెండు ముక్కలై, వెంకట పొడి అక్షరంగా మిగిలి, రామన్ ప్రపంచానికి తెలిసింది. 2009లో రసాయనశాస్త్రంలో నోబెల్ పొందిన వెంకట్రామన్ రామకృష్ణన్ పుట్టింది చిదంబరంలో. ఆయనను లోకమంతా వెంకీ అంటుంది.

కర్ణాటకలో వెంకటప్ప, వెంకటేశయ్య, వెంకోబరావు అన్నీ వింటాం. ఇక్కేరిని ఏలిన కెళది వెంకటప్ప నాయకుణ్ణి 1623లో పియెత్రో దెల్లా వల్లే అనే ఇటలీ యాత్రికుడు స్వయంగా చూసి రాశాడు. మైసూరు చిత్రకారుడు కె.వెంకటప్ప పేరు మీద బెంగళూరులో ఆర్ట్ గ్యాలరీ ఉంది. కన్నడ కథకు పెద్దదిక్కు మాస్తి వెంకటేశ అయ్యంగార్ ఇంటిభాష తమిళం. కన్నడిగులు తిరుపతి స్వామిని తిమ్మప్ప అంటారు. తిరుమల పేరే పొట్టిదై తిమ్మ అయిందంటారు. కనకదాసు మొదటి పేరు తిమ్మప్ప నాయకుడు. రాఘవేంద్రస్వామి సన్యాసానికి ముందు వేంకటనాథుడు. పుట్టింది తమిళనాట భువనగిరిలో, ఇల్లు కన్నడం, బృందావనం ఉన్నది తెలుగునేల మీద మంత్రాలయంలో. ఈయన ఎవరివాడు అని ఎవరైనా కొట్లాడితే ఆ పేరే జవాబు చెబుతుంది.

మహారాష్ట్రలో వే కాస్తా వ్యం అయింది. వ్యంకట, వ్యంకటేశ అని రాస్తారు. దేవీదాసు రాసిన వ్యంకటేశ స్తోత్రం మరాఠీ ఇళ్లలో చదువుతారు. బనగర్‌వాడీ నవల రాసిన వ్యంకటేశ మాడ్గూళ్కర్ పేరు చదువుకున్న మరాఠీవాళ్లకు తెలియనిది కాదు. శివాజీకి సవతి తమ్ముడు వ్యంకోజీ, ఏకోజీ అని కూడా అంటారు, 1670లలో తంజావూరులో మరాఠా రాజ్యం నిలబెట్టాడు. ఆయన కొడుకు శాహజీ తెలుగులో యక్షగానాలు రాశాడు. తండ్రి పేరు మరాఠీ గొంతులో వేంకటం, ఏలిన నేల తమిళం, కొడుకు రాత తెలుగు. షోలాపూరు మగ్గాల దగ్గర, ముంబయి కామాఠీపురలో మనవాళ్లు నిలదొక్కుకున్నాక వాళ్ల పిల్లల పేర్లకూ బడి రిజిస్టరులో ఆ వ్యం వచ్చి చేరింది.

ఒడిశాలో వ అనేది చాలాచోట్ల బ అవుతుంది. అందుకే పాత కాగితాల్లో బెంకట అని, ఈనాటి పత్రికల్లో భెంకట అని కనబడుతుంది. ఒడిశాలో మనవాళ్లు గర్వంగా చెప్పుకునే మనిషి వి.వి.గిరి. బరంపురంలో 1894లో పుట్టి, 1969లో రాష్ట్రపతి అయ్యారు. వి.వి. అంటే వరాహగిరి వెంకట. ఆ రెండు పొడి అక్షరాల్లో రెండోది ఈ కొండే. 1936లో ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు బరంపురం, పర్లాకిమిడి తెలుగువాళ్లు ఉన్నచోటే ఉండిపోయారు. రాష్ట్రం మారింది, ఇంట్లో పేర్లు మారలేదు.

యానాం కథ వేరు. అక్కడ 1954 దాకా ఫ్రెంచి పాలన. ఫ్రెంచివాళ్లకు కె అక్షరం అలవాటు తక్కువ, సి రాసేవారు. రెండు అచ్చుల మధ్య ఒక్క ఎస్ ఉంటే జ లాగా పలుకుతారు కాబట్టి రెండు ఎస్‌లు పెట్టేవారు. మన ఉకారానికి ఓ, యూ రెండూ కలిపి రాసేవారు. 1881లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం ఫ్రెంచి చట్టం కిందికి వెళ్లదలచినవారు ఒక కుటుంబ పేరును ఎంచుకోవాలి. అట్లా చేసినచోట తాత సొంత పేరు వంశానికంతా ఇంటిపేరుగా స్థిరపడిపోయే వీలు కలిగింది. తెల్లవాడి అక్షరాలు మారితే పేరు ఎంత మారుతుందో యానాం, పుదుచ్చేరి వాళ్లకు మనం చెప్పనక్కరలేదు.

కొత్త రాత అన్నది ఎప్పుడూ ఉన్నదే

ఇంగ్లీషులో ఈ పేరు రాయడం కంపెనీ రోజుల్లోనే మొదలైంది. కల్నల్ మెకంజీ దగ్గర పనిచేసి దక్షిణదేశ చరిత్రకు ఆధారాలు సేకరించిన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఏలూరు నుంచి వచ్చిన అన్నదమ్ములు. ఆ కాలపు ఇంగ్లీషు కాగితాల్లో కావలి కాస్తా కావెల్లీ, లక్ష్మయ్య కాస్తా లచ్‌మియా. అంత చదువుకున్నవాళ్ల పేర్లకే ఆ గతి పట్టింది.

తెలుగులో కూడా ఈ పేరు కొత్త రాతలు ఎత్తింది. గమనించండి. మొదట వేం అని దీర్ఘం ఉండేది, ఇప్పుడు వెం అని పొట్టిగా రాస్తున్నాం. పాత తెలుగు పేర్లు పొల్లుతో ఆగవు. వెంకన్న, వెంకయ్య, వెంకటప్ప అని అచ్చుతో ముగుస్తాయి. జెండా రూపశిల్పి పింగళి వెంకయ్యగారి తరం వరకు అదే పద్ధతి. వెంకట్ అని పొల్లుతో ఆపడం హిందీ, ఇంగ్లీషుల చలవ. వేంకటేశలో ఉన్నది ఈశ కాబట్టి వెంకటేశ్ అని శకారంతో రాయాలి. ఇంగ్లీషులో ఎస్ హెచ్ చూసి తిరిగి తెలుగులోకి తెచ్చుకునేవాళ్లు వెంకటేష్ అని షకారం రాస్తారు. ఇప్పుడు సినిమా పోస్టర్ల నుంచి ఓటరు జాబితా దాకా అదే ఎక్కువ.

ఇవన్నీ చూశాక మా అబ్బాయి మీద కోపం తగ్గింది. వాడు చేర్చిన రెండు అక్షరాలు ఈ పేరు చూసిన మార్పుల్లో చాలా చిన్నవి. అయినా ఒక తేడా ఉంది, అది వాడికి చెప్పాను. తమిళం వెంగడ అంది, మరాఠీ వ్యంకట అంది, ఒడియా బెంకట అంది. ఎవరి నోటికి తగ్గట్టు వాళ్లు పలికారు కాబట్టి ఆ మార్పులు వచ్చాయి. ఆ నోళ్ల వెనుక మనుషులున్నారు, ఊళ్లున్నాయి. లెక్క కుదరడం కోసం చేర్చిన హెచ్‌ను ఎవరూ పలకరు. పైగా అది పిల్లవాడి మెడకు చుట్టుకుంటుంది. ఆధార్‌లో ఒక రాత, పదో తరగతి సర్టిఫికెట్లో ఒక రాత, పాసుపోర్టులో ఒక రాత ఉంటే ఎంత తిరగాలో మన సంఘంలో అనుభవించినవాళ్లు చాలామంది ఉన్నారు. మా నాన్నగారి రెండు ఇంగ్లీషు రాతల వల్ల నేను ఒక ఆఫీసు చుట్టూ ఎనిమిది నెలలు తిరిగాను. ఇద్దరూ ఒకే మనిషి అని అఫిడవిట్ రాసిచ్చి, నా తండ్రి నా తండ్రే అని సంతకం పెట్టి వచ్చాను.

కాబట్టి చిన్న పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక మాట. బిడ్డ పుట్టుక పేరు లేకుండా నమోదు చేసినా 12 నెలల లోపు రుసుము లేకుండా పేరు చేర్చవచ్చు. ఆ తర్వాత 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుముతో చేర్చవచ్చు. తొందరపడి ఒక రాత, ఆలోచించి ఇంకో రాత వద్దు. ఏ రాత అయినా ఒకటే పెట్టుకోండి, అన్ని కాగితాల్లోనూ అదే ఉంచండి.

చివరికి మా ఇంట్లో రాజీ కుదిరింది. ఇంగ్లీషులో వి, ఇ, ఎన్, కె, ఎ, టి, అంతే. హెచ్ పోయింది. ఎన్ ఒకటే. మా అబ్బాయి కొంచెం ముఖం ముడుచుకున్నాడు కానీ కోడలు నా పక్షం.

అయితే ఆ పొద్దు కోడలు ఇంకో ప్రశ్న వేసింది. దానికి మాత్రం ఈ పరిశోధనంతా చాలలేదు. "ఇంగ్లీషులో కుదిరింది, తమిళంలో బర్త్ సర్టిఫికెట్లో వాళ్లే రాస్తారు. తెలుగులో వీడి పేరు ఎక్కడ ఉంటుంది మామా?" అంది.

ఎక్కడా ఉండదు. మా నాయన పేరు భూమి పత్రంలో తెలుగులో ఉంది. నా పేరు బడి రిజిస్టరులో తెలుగులో ఉంది, నేను చదివింది తెలుగు మాధ్యమం కాబట్టి. మా అబ్బాయి తెలుగు చదవగలడు, రాయడం తడుముకుంటాడు. 2006 చట్టం తర్వాత తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయ్యాక తెలుగు నేర్చే పిల్లలు ఎంత తగ్గారో హోసూరు వైపు వాళ్లకు వేరే చెప్పాలా? తమిళం నేర్వవద్దని నేను అనను. ఈ నేల అన్నం తింటున్నాం, ఈ భాష రావాలి. కానీ నాలుగు తరాల్లో ఒక పేరు తెలుగు అక్షరాల్లో నుంచి మాయమైపోవడం మా ఇంట్లోనే, నా కళ్ల ముందే జరుగుతోంది.

అందుకని నామకరణం నాడు బియ్యంలో పేరు రాసేటప్పుడు నేను పక్కన కూర్చొని వేంకట అని పాత పద్ధతిలో దీర్ఘం పెట్టి మా అబ్బాయి చేత రాయించాను. వాడు వ రాసి ఆగాడు. ఏత్వం ఎటువైపు తిరుగుతుందో గుర్తురాలేదు. కోడలు వాడి వేలు పట్టుకుని దిద్దించింది. ఆ అమ్మాయి చదివింది కుప్పంలో. కొండకు అవతలి పిల్ల.

పేరు ఎట్లా పెట్టుకున్నా సరే, వెంకట్, వెంకీ, వ్యంకటేశ, వెంగడేశన్. ఇంటి పిల్లవాడికి ఐదేళ్లు నిండేలోపు తన పేరు తెలుగులో రాయడం నేర్పండి. అర్థం అడిగితే ఈ కొండ కథ చెప్పండి. నాలాగా స్వామి పేరమ్మా అని తప్పించుకోకండి.

మీ ఇంట్లో ఈ పేరు ఎన్ని రకాలుగా రాసి ఉందో, పాత పెట్టెలు తీసి చూసి, కింద తెలియజేయండి. పత్రం ఏ ఊరిది, ఏ లిపిది అన్నది చెబితే చాలు. బరంపురం, షోలాపూరు, యానాం సభ్యుల జవాబుల కోసం ప్రత్యేకంగా ఎదురుచూస్తాను.